తేదీ వేయని ఉత్తరం

ఆ ఉత్తరాన్ని బీరువాలోంచి తీసి మేనేజరు ఇంటికి మోసుకెళ్ళింది ఎవరు?

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు తంకమణి టీచర్ ఈ ప్రశ్నను నాలుగోసారి అడిగింది. గదిలో మరో ముగ్గురున్నారు. ముగ్గురికీ వినపడింది. భర్త దివాకరన్ ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి పుట్టును శనగల కూరలో మెదుపుతూనే ఉన్నాడు గాని ముద్ద నోటిదాకా రావడం లేదు. కొడుకు ప్రజోష్ ఫోను తెరను పైకీ కిందికీ తోస్తున్నాడు. కోడలు నిమిష వంటింటి గుమ్మంలో నిలబడి ఖాళీ టీ గ్లాసుల వైపు చూస్తోంది.

"తినమ్మా, చల్లారిపోతోంది," అన్నాడు ప్రజోష్.

"చల్లారితే వేడి చేసుకుంటాను. అడిగినదానికి జవాబు చెప్పు."

"ఏం చెప్పమంటావు? రాసింది నువ్వు. సంతకం పెట్టింది నువ్వు. ఇప్పుడు మమ్మల్ని వరసలో నిలబెట్టి చేతులు చూపించమంటే ఎలా? ఇది నీ మూడో తరగతి కాదు."

"మూడో తరగతిలో అడిగితే ఒకడైనా లేచి నిలబడేవాడు."

దివాకరన్ దగ్గాడు. ఆ దగ్గులో మాటేమైనా ఉందేమోనని తంకమణి ఆగి చూసింది. ఏమీ రాలేదు.

రాసిన మాట నిజం. జనవరిలో ఒక సాయంత్రం, కూడలిలో కట్టిన ఫ్లెక్సీ మీద తన ఫొటో చూసి వచ్చి రాసింది. 'మీ బిడ్డను మా చేతిలో పెట్టండి' అన్న పెద్ద అక్షరాల కింద ఎనిమిదిమంది టీచర్ల ముఖాలు. తన ముఖం పక్కనే సున్నం అమ్మే దుకాణం వారి ప్రకటన. అంతకు ముందు వారమే ఒక తండ్రి గేటు తీయకుండానే, "టీచర్, మీ బడికి బస్సుందా?" అని అడిగాడు. లేదంది. "మరేముంది?" అన్నాడు. ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పిన మనిషికి ఆ గేటు ముందు, ఏముందో చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

పాఠం చెప్పే సమయం ఏడాదికేడాది తరిగిపోయింది. ఎవరు పాలు తాగారు, ఎవరు గుడ్డు తినలేదు, ఎవరి బూట్ల కొలత ఎంత అన్నవి ఫోనులో ఎక్కించడం పెరిగింది. జనవరి నుంచి మే సెలవుల దాకా ఇల్లిల్లూ తిరిగి గొడుగూ సంచీ ఇస్తామని బతిమాలి పిల్లల్ని ఏరుకొచ్చే పని, ఎక్కడా రాసి లేకపోయినా, టీచర్ల పనే అయింది. ఆ సాయంత్రం తంకమణి నాలుగు వాక్యాల్లో స్వచ్ఛంద పదవీ విరమణ కోరి, సంతకం చేసి, తేదీ వేయకుండా, కాగితాన్ని చీరల అడుగున పెట్టింది.

చిత్రమేమిటంటే, ఆ తర్వాత రోజులు కాస్త తేలికయ్యాయి. హెడ్మాస్టరు విసిగించినప్పుడు, ఫోను మొరాయించినప్పుడు, ఆ కాగితం అక్కడే ఉందన్న సంగతి తలచుకొని మరో రోజు గడిపేది. వచ్చే ఏడాది మే ముప్ఫై ఒకటికి ఎలాగూ ఆమె ఉద్యోగం నిబంధన ప్రకారం ముగుస్తుంది. ఆ పదిహేను నెలలూ ఉండాలా, ముందే మానాలా అన్నది ఆమె తేల్చుకోలేదు. తేల్చుకోవలసింది తనేనని మాత్రం అనుకుంది.

మొన్న శుక్రవారం హెడ్మాస్టరు ఆమెను పక్కకు పిలిచి అభినందించాడు. ఉత్తరం మేనేజరుకు చేరింది. మూడు నెలల ముందస్తు నోటీసు కనుక ఈ మే నెలాఖరుకే వెళ్ళిపోవచ్చు. సోమవారం కాగితాలు విద్యాశాఖ కార్యాలయానికి పోతాయి. "అదృష్టవంతులు టీచర్, హాయిగా నిద్రపోవచ్చు," అన్నాడు. ఆ రాత్రి నుంచి ఆమెకు నిద్ర లేదు.

ఎయిడెడ్ బడిలో జీతం సర్కారుది, నియామకం మేనేజరుది. ఖాళీ అయిన కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది ఆయన ఇష్టం. డి.ఎడ్. చదివి, అర్హత పరీక్ష పాసై, ఆరేళ్ళుగా అలాంటి కుర్చీ కోసం ఎదురుచూస్తున్న మనిషి ఈ ఇంటి వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది.

గ్లాసులు తీసుకొని నిమిష లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క గ్లాసు కూడా చప్పుడు చేయలేదు. ఆ జాగ్రత్త కూడా తంకమణికి అనుమానంగానే తోచింది.

పెరట్లో, బావి గట్టు పక్కన, నిమిష పాత వార్తాపత్రిక పరచుకొని లేత పనసకాయ కోస్తోంది. మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకుంది. కత్తికి జిగురు పట్టి ప్రతి వేటుకూ సాగుతోంది.

"నిమిషా."

మామూలుగా 'మోళే' అని పిలుస్తుంది, కన్నకూతుర్ని పిలిచినట్టు. ఈ రోజు ఆ పిలుపు రాలేదు. నిమిష అది గమనించింది, తల ఎత్తలేదు.

"బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో నీకు తెలుసు."

"తెలుసమ్మా. ఇంట్లో అందరికీ తెలుసు. బియ్యం డబ్బా వెనక. పిల్లికి కూడా తెలుసు."

"పిల్లి డి.ఎడ్. చదవలేదు."

కత్తి ఆగింది.

"అంటే నేనేనన్నమాట."

"నేననలేదు."

"ఇంకెలా అంటారు? సరే, నేనూ దాచను. ఆ ఉద్యోగం నాకు కావాలి. ఆరేళ్ళ నుంచి ఆ పసుపు బస్సు ప్రైవేటు బడిలో గొంతు చించుకుంటున్నా. క్లాసులో కూర్చుంటే ప్రిన్సిపాల్ కుర్చీ తీయించేస్తాడు. జ్వరమొస్తే జీతం కోస్తాడు. మీ ఉద్యోగం మీద ఆశ లేదంటే అబద్ధం. కానీ మీ చీరల కింద చెయ్యి పెట్టేంత దిగజారలేదు."

"ఎవరు ఎంత దిగజారతారో నాకేం తెలుసు? గేటు దగ్గర నవ్వావు, అది మాత్రం చూశాను."

నిమిష కత్తి కింద పెట్టేసింది. "ఆ గేటు సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నారా!"

కిందటి నెల ఇద్దరూ ఎవరి బడి కోసం వారు పిల్లల్ని వెతుక్కుంటూ ఒకే ఇంటి ముందు ఒకేసారి ఆగారు. లోపలి నుంచి బామ్మ వచ్చి ఇద్దరినీ ఎగాదిగా చూసి, "అత్తా కోడలూ కలిసి మా పిల్లను పంచుకోవడానికొచ్చారా? ఒక పని చేద్దాం. పొద్దున చదువుకి కోడలి బడికి పంపిస్తాం, మధ్యాహ్నం అన్నానికి అత్త బడికి పంపిస్తాం," అంది. నిమిష నవ్వింది. ఆ పిల్ల పేరు పసుపు బస్సు బడికే రాయించారు.

"నేను నవ్వింది ఆ ముసలమ్మ నోటికి," అంది నిమిష. "మిమ్మల్ని చూసి నవ్వుతానా?"

"ఏమో. నేను ఆ ముసలమ్మను చూడలేదు. నిన్నే చూశాను."

ఇద్దరి మధ్యా పనసకాయ సగం కోసి పడి ఉంది. పాలు కారి కాగితం మీది అక్షరాలను తడిపేస్తున్నాయి. తంకమణి లోపలికి వెళ్ళి చీర మార్చుకొంది. నేత చీర కుచ్చిళ్ళను, బడికి వెళ్ళేటప్పుడు పెట్టుకున్నట్టే, పిన్నుతో బిగించింది.

"ఎక్కడికి?" అన్నాడు దివాకరన్ వరండాలోంచి. విద్యుత్తు బోర్డులో కరెంటు స్తంభాలెక్కి రిటైరైన మనిషి. ఇప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళ మిక్సీలు బాగుచేస్తూ వరండాలో కూర్చుంటాడు.

"జవాబు చెప్పేవాళ్ళ దగ్గరికి."

"ఎండ చూడు, మణీ. గొడుగు తీసుకెళ్ళు."

ఆమె గొడుగు తీసుకోలేదు.

ఆటో నడిపే షాజి ఆమె దగ్గర మూడో తరగతి చదివినవాడు. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాడు, బట్టతల. ఆమె ఎక్కగానే పాట ఆపేస్తాడు.

"టీచర్, రిటైరవుతున్నారటగా!"

"ఎవరు చెప్పారు?"

"స్టాండులో అనుకుంటున్నారు. మీరు కూడా వెళ్ళిపోతే ఇక నన్ను చూసి తల కొట్టుకునేవాళ్ళు ఎవరున్నారు టీచర్? మా ఆవిడొక్కతే మిగులుతుంది."

"ఏడో ఎక్కం వచ్చిందా ఇప్పటికైనా?"

"ఏడేళ్ళు నలభై తొమ్మిది దాకా వచ్చింది, అక్కడ ఆటో ఆగిపోయింది." అతడే నవ్వుకున్నాడు. తర్వాత అద్దంలోకి చూస్తూ, మామూలు సంగతి చెప్పినట్టు అన్నాడు. "మేనేజరు ఇంటికేనా? మొన్న గురువారం నిమిష టీచర్‌ని కూడా అక్కడే దించా."

తంకమణి చేయి ఆటో కడ్డీని గట్టిగా పట్టుకుంది. దారి గతుకులది కాదు.

"ఏ వేళప్పుడు?"

"బడి వదిలాక. చేతిలో కాగితాలున్నాయి. ఏం, టీచర్‌కి తెలియదా?"

"తెలుసు," అంది తంకమణి. తెలియదని ఆటో స్టాండుకు తెలియజేయడం ఆమెకు ఇష్టం లేదు.

మేనేజరు బాలగోపాలన్ ఆమెను చూడగానే చేతులు రెండూ చాచి ఎదురొచ్చాడు. తాత కట్టించిన బడి, తండ్రి నడిపిన బడి. తనకు మిగిలినవి ఆ బడి కుర్చీలు, వాటి మీద హక్కు.

"కూర్చోండి టీచర్, కూర్చోండి. రిటైరయ్యేవాళ్ళు నిలబడకూడదు."

"నేనింకా రిటైరు కాలేదు."

"అదే, మాట వరసకి. టీ తెమ్మననా?"

"వద్దు. ఆ ఉత్తరం మీకెవరిచ్చారు?"

"ఎవరిస్తే ఏం టీచర్? నా చేతికొచ్చింది. సంతకం మీదేనా, కాదా?"

"నాదే."

"మరింకేం! ఇచ్చినవాళ్ళు పేరు చెప్పొద్దన్నారు. నేను మాటిచ్చాను. మీ మీద ప్రేమకొద్దీ చేశారు, అంతవరకు చెప్పగలను."

"ప్రేమైతే పేరు చెప్పుకోవడానికి సిగ్గెందుకు?"

బాలగోపాలన్ గట్టిగా నవ్వాడు. నవ్వు అయిపోయేదాకా తంకమణి కదలకుండా చూసింది. అది చాలాసేపు సాగలేదు.

"ఉన్న సంగతి చెప్తాను వినండి," అన్నాడు గొంతు తగ్గించి. "జూన్‌లో ఆరో పనిదినాన తలలు లెక్కపెడతారు. మీకు నేను చెప్పాలా? ఇద్దరు తగ్గినా మూడో తరగతిలో ఒక డివిజన్ ఎగిరిపోతుంది. దాంతో పోస్టు పోతుంది. పోయిన పోస్టు మా తాత లేచొచ్చినా తిరిగి రాదు. అప్పుడు మీరూ ఉండి ఏం లాభం, మీ కోడలికీ ఏం లాభం? అదే నిమిష వస్తే, ఆ బస్సు బడి నుంచి పదకొండు మంది పిల్లలు ఆమె వెనకే వస్తారు. తల్లిదండ్రుల పేర్లు రాసిచ్చింది కూడా."

"నిమిష రాసిచ్చిందా?"

"గురువారం. తన చేత్తోనే. ఈ కుర్చీకి బయటివాళ్ళు ఎన్ని లక్షలు పట్టుకొస్తారో మీకు తెలియంది కాదు. మీ కోడల్ని నేనేమీ అడగలేదు. పిల్లల్ని తెస్తే చాలన్నాను. పిల్లల్ని తేగలిగినవాళ్ళే ఇప్పుడు టీచర్లు. మీరు తప్పుగా అనుకోకండి."

ముప్ఫై రెండేళ్ళలో ఆమె ముందు ఎవరూ ఇంత మర్యాదగా ఇంత మాట అనలేదు.

"కాగితాలు చూడొచ్చా?"

"మీ కాగితాలే కదా!" ఫైలు ఆమె ముందుకు తోశాడు.

పైన తన ఉత్తరం. తన అక్షరాలు, తన సంతకం. ఖాళీగా వదిలిన చోట వేరే కలంతో తేదీ. దాని కింద, ఉత్తరంతో జతపరచవలసిన దరఖాస్తు. ఆ గళ్ళన్నీ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో నింపి ఉన్నాయి. పెద్ద అక్షరాల్లో రాస్తే రాత ఎవరిదో పోల్చుకోవడం కష్టం. రాసినవారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. పేరు సరిగ్గా ఉంది. తండ్రి పేరు సరిగ్గా ఉంది. చేరిన సంవత్సరం సరిగ్గా ఉంది.

పుట్టిన తేదీ దగ్గర ఆమె చూపు ఆగింది. నవంబరు పంతొమ్మిది.

రెండోసారి చదివింది. నవంబరు పంతొమ్మిదే.

ఆమె బడి రికార్డులో, గుర్తింపు కార్డుల్లో, సర్వీసు పుస్తకంలో ఉన్న తేదీ మే ఇరవై. జూన్‌లో బడి తెరిచేనాటికి ఐదేళ్ళు నిండితేనే ఒకటో తరగతిలో చేర్చుకునే రోజుల్లో, ఆ ఊళ్ళో హెడ్మాస్టరు ప్రతి పిల్లకూ మే నెలలో ఏదో ఒక తేదీ రాసి పడేసేవాడు. అందుకే ఆ జిల్లాలో సగంమంది ఉద్యోగులు మేలో పుడతారు, మే నెలాఖరుకే రిటైరవుతారు. ఆమె నిజంగా పుట్టింది ఆరు నెలల తర్వాత, వృశ్చిక మాసం నాలుగో నాడు, ఉత్తరాభాద్రలో. ఆ తేదీ ఏ సర్కారు కాగితంలోనూ లేదు. జాతకంలో ఉంది. ఆ జాతకాన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళ క్రితం పెళ్ళికి పొంతన చూడటానికి తీసుకెళ్ళిన అత్తవారింట్లో ఉంది.

ప్రజోష్ రాసి ఉంటే ఆమె కార్డు చూసి మే ఇరవై రాసేవాడు. తల్లి పుట్టినరోజు ఎప్పుడని వాడికి ఫోను చెప్పవలసిందే. ఇంట్లో పాయసం వండే రోజు నక్షత్రాన్ని బట్టి ఏటా మారుతుంది గనుక నిమిషకు ఈ తేదీ తెలిసే అవకాశమే లేదు. వీళ్ళెవరూ చేయలేని పొరపాటు ఇది. భార్య నక్షత్రం పేరు మీద ఏటేటా గుడిలో పుష్పాంజలి చేయించే మనిషి మాత్రమే చేయగలడు.

ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా ఉండటం మూడో తరగతి టీచరుకు వృత్తిలో అబ్బే విద్య. తంకమణి ఫైలు మూసి తిరిగి ఇచ్చింది. బాలగోపాలన్‌కు తప్పు కనిపించలేదు. కార్యాలయంలో మాత్రం సర్వీసు పుస్తకంతో పోల్చి చూస్తారు. చూసి తిప్పి పంపుతారు. అప్పటికి ఫిబ్రవరి దాటిపోతుంది, మూడు నెలల గడువు చాలదు, ఈ మేలో ఖాళీ ఏర్పడదు. ఆమె ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు, ఉత్తరం దానంతటదే చచ్చిపోతుంది.

"రేపు పొద్దున్నే పంపించేస్తాను," అన్నాడు బాలగోపాలన్.

"పది గంటలకు నేను ఫోను చేసేదాకా పంపకండి."

"ఇంకా ఏముంటుంది టీచర్, చెప్పడానికి?"

"అది కూడా పది గంటలకే చెప్తాను."

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. వరండాలో దివాకరన్ ఎవరిదో మిక్సీని బోర్లించి స్క్రూలు విప్పుతున్నాడు. తంకమణి చెప్పులు విడిచి, మెట్టు మీద, అతడికి ఎదురుగా కూర్చుంది.

"నేను పుట్టిందెప్పుడు?"

"వృశ్చికం నాలుగు. ఎందుకు, పాయసం ఇప్పట్నుంచే కావాలా?"

"ఇంగ్లీషు తేదీ?"

"నవంబరు..." స్క్రూడ్రైవరు ఆగింది. ఆ వెనకే మాట కూడా ఆగింది.

లోపల కుక్కరు కూత వేసింది. ఆ కూత అయిపోయేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈ మనిషిని తాను పొద్దుట నుంచి ఒక్కసారైనా అనుమానించలేదన్న సంగతి తంకమణికి అప్పుడు తెలిసింది. ఇంటిలో దొంగను వెతికేటప్పుడు చూపు ముందు కోడలి మీదికే ఎందుకు పోయిందో ఆమె తర్వాత ఆలోచించుకోవలసి ఉంది.

"నువ్వు ఇవ్వలేకపోయావు, నేనిచ్చాను," అన్నాడు దివాకరన్ చివరికి. "అంతే కదా. దీనికింత రాద్ధాంతమా?"

"అంతేనా?"

"మరేంటి? నాలుగు నెలలుగా రోజూ నాలుగున్నరకు ఆ సంచీ విసిరి పడేసి, 'ఇంక చాలు, నా వల్ల కాదు' అనేది ఎవరు? నేనా? ఎన్నిసార్లు అన్నావో గుర్తుందా?"

"అన్నాను. మీతో అన్నాను. మేనేజరుతో అనలేదు."

"నాతో అంటే ఏంటి, గోడతో అన్నట్టా? నువ్వు ఏడుస్తుంటే చూస్తూ కూర్చోవాలా? నీకు పనీ తప్పుతుంది, పిల్లకు పనీ దొరుకుతుంది. ఆ మేనేజరు రేపు మాట మారిస్తే ఎవరికీ లేదు. నేను ఇంటి మంచికే చేశాను, మణీ."

"మంచి పనైతే పెద్ద అక్షరాల్లో ఎందుకు రాశారు?"

దివాకరన్ ముఖం ఎర్రబడింది. "మామూలుగా రాస్తే గుర్తుపట్టి చింపేస్తావని."

"అంటే చింపేస్తానని తెలుసు."

అతడు మిక్సీ వైపు తిరిగాడు.

"మీరు ముప్ఫై నాలుగేళ్ళు స్తంభాలెక్కారు," అంది తంకమణి. గొంతు పెంచలేదు. "వానలో ఎక్కారు. ఒకసారి షాకు కొట్టి కిందపడి నెల్లాళ్ళు మంచాన ఉన్నారు. నేనూ ఏడ్చాను. ఉద్యోగం మానెయ్యమని మీ సంతకం తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చానా? మీ ఆఖరి రోజున స్తంభమెక్కే ఆ బెల్టు తిరిగి ఇచ్చేసి వచ్చి, మూడు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు మీకు నేనేమైనా చెప్పానా?"

"అది వేరు."

"ఏం వేరు?"

ప్రజోష్ గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, మెల్లగా. పక్కింటి వాళ్ళు వింటున్నారు," అన్నాడు.

"వింటే విననీ. నీకు ముందే తెలుసా?"

ప్రజోష్ తండ్రి వైపు చూశాడు. తెలుసన్నమాట. పొద్దున ఫోను తెరను అంత శ్రద్ధగా తోసినప్పుడే తెలుసు.

అప్పుడు వాడి వెనక నుంచి నిమిష గొంతు వినిపించింది. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఎవరూ చూడలేదు.

"అచ్ఛా," అంది మామగారిని, కన్నతండ్రిని పిలిచినట్టు. "అమ్మ ఒప్పుకుందని చెప్పారు కదా మీరు?"

దివాకరన్ విప్పిన స్క్రూనే మళ్ళీ బిగించసాగాడు.

"అమ్మే ఇమ్మందన్నారు. ఆవిడ నోటితో అడిగితే బాధపడుతుంది, నువ్వు కదపొద్దన్నారు. అందుకే గురువారం మేనేజరు పిలిస్తే వెళ్ళాను. అందుకే పొద్దున అమ్మ అడిగితే... ఆవిడే ఇచ్చి ఆవిడే ఎందుకు అడుగుతోందో అర్థంకాక నోరు మూసుకున్నాను. నన్ను దొంగన్నా మీ పేరు చెప్పకుండా ఊరుకున్నాను."

"పిల్లా, ఇప్పుడు ఏమైంది? పని అవుతోంది కదా..."

"నిన్న బడిలో రాజీనామా ఇచ్చేశాను."

పక్కింటి రేడియోలో ఎవరో నవ్వుతున్నారు.

"ఎవర్నడిగి ఇచ్చావు?" అన్నాడు ప్రజోష్.

"నువ్వే కదా ఇచ్చెయ్యమన్నావు! జూన్ దాకా ఉంచుకుంటారా, పిల్లల్ని లాక్కుపోతున్నానని ప్రిన్సిపాల్‌కి తెలిసిపోయాక? పదకొండు మంది పేర్లు రాసిచ్చాను. ఇక ఆ గేటులోకి నన్ను అడుగు కూడా పెట్టనివ్వరు."

తంకమణి లేచి నిలబడింది. కార్యాలయం నుంచి కాగితాలు తిరిగి వస్తాయనీ, ఎందుకు వస్తాయో తనకు తెలుసుననీ ఆమె ఇంకా చెప్పలేదు. చెప్పకుండా ఉండగలదు కూడా. కాని ఎవరికి ఏది చెప్పకుండా ఉంచాలో లెక్కవేసుకునే విద్యలో ఈ ఇల్లు అప్పటికే ఆరితేరింది. ఆమెకు ఆ బడిలో చేరాలనిపించలేదు.

"దరఖాస్తులో పుట్టిన తేదీ తప్పు పడింది," అంది అందరికీ వినపడేలా. "సర్వీసు పుస్తకంలో మే ఇరవై. అందులో నవంబరు రాసి ఉంది. అలాగే పోతే వెనక్కి వస్తుంది. రేపు పది గంటలలోగా దిద్ది, పక్కన నేను సంతకం పెడితేనే చెల్లుతుంది."

దివాకరన్ తల ఎత్తాడు. ముఖంలో మొదటిసారి కొంచెం తెరిపి కనిపించింది.

"ఓస్, అంతేనా! దానికేం, పొద్దున్నే నేను వెళ్ళి దిద్దుకొస్తాను. నువ్వు ఇక్కడే సంతకం పెట్టియ్యి, ఎండలో తిరగక్కర్లేదు."

తంకమణికి ఒక్క క్షణం నవ్వు వచ్చినట్టయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆమె చెప్పిన మాటల్లోంచి ఈ మనిషి ఏది ఏరుకొని ఏది వదిలేస్తాడో ఆమెకు ఇంత స్పష్టంగా ఎన్నడూ కనపడలేదు.

"మీరు వెళ్ళొద్దు అచ్ఛా," అంది నిమిష.

ఆమె ప్రజోష్‌ను తోసుకొని వరండాలోకి వచ్చింది. చేతులకు ఇంకా నూనె, పనస జిగురు. అత్తగారికి ఎదురుగా, చేయి చాస్తే అందేంత దూరంలో ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ ఏడవడం లేదు.

"అమ్మా, నా సంగతి వదిలెయ్యండి. ఆయన సంగతీ వదిలెయ్యండి. మీకు మానెయ్యాలని ఉందా? ఇప్పుడు కాకపోతే ఎప్పుడు మానాలని ఉంది?"

తంకమణి ఆ ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఈ ప్రశ్న వెనక ఏముంది? పశ్చాత్తాపమా? ఎత్తుగడా? ఇలా అడిగితే అత్త మనసు కరిగి సంతకం పెట్టేస్తుందని ఎవరైనా నేర్పారా? ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, ఎదుటివాళ్ళ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్న మనిషి, ఈ ప్రశ్న ఊరికే అడుగుతుందా?

అనుమానం ఎంత వెతికినా ఒక సంగతిని మాత్రం కాదనలేకపోయింది. మొగుడు అడగలేదు. కొడుకు అడగలేదు. హెడ్మాస్టరు అభినందించాడు, మేనేజరు టీ తెమ్మననా అన్నాడు, ఆటో స్టాండు ముందుగానే తెలుసుకుంది. ఎప్పుడు మానాలని ఉందని ఆమెను అడిగిన మొదటి మనిషి నిమిష.

జవాబు చెప్పడానికి తంకమణి నోరు తెరిచింది. నాలుగు నెలలుగా నాలుక చివరనే ఉన్న 'ఇంక చాలు' అన్న మాట అక్కడ లేదు. 'ఇంకా ఉంటాను' అన్న మాట కూడా లేదు. పది గంటలకు ఇంకా ఇరవై గంటల వ్యవధి ఉంది. వరండాలో నలుగురూ ఆమె నోటి వైపే చూస్తున్నారు, నలుగురిలో ఆమె కూడా ఒకతె అన్నట్టు.

ఆమె ఏం చెప్పాలో సలహా ఇవ్వడానికి మీలో చాలామంది ఇప్పటికే సిద్ధమై ఉంటారు. ఆ సలహా ఎవరికీ అక్కర్లేదు. మీ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా టిఫిను డబ్బా సర్దుకొని పనికి వెళ్ళివస్తున్న ఆడమనిషి ఉంటే, ఈ పత్రిక కింద పెట్టి ఇప్పుడే ఆమె దగ్గరికి వెళ్ళండి. ఎప్పుడు మానాలని ఉందో అడగండి. అడిగాక, ఆమె జవాబు పూర్తయ్యేదాకా ఒక్క మాట కూడా మాట్లాడకుండా కూర్చోండి.